స్లైడు పక్కన రాసుకున్నవి

జూన్ 9

రెటిక్యులిన్ స్లైడ్లు మధ్యాహ్నానికి వచ్చాయి. పీయూష గ్రంథి ముందు భాగంలో మామూలు కణజాలం ఎక్కడ ఆగిందో, కణితి ఎక్కడ మొదలైందో తేల్చడానికి ఈ వెండి స్టెయిన్‌ను మించింది లేదని నా నమ్మకం. బాగున్న చోట సన్నటి నల్లటి పోగులు చిన్న చిన్న గదులు కట్టి ఉంటాయి. ఒక్కో గదిలో కొన్ని కణాలు, అవీ కలగలుపుగా: గ్రోత్ హార్మోన్ చేసేవి, ప్రొలాక్టిన్ చేసేవి, ఏసీటీహెచ్ చేసేవి. స్లైడును కొంచెం పక్కకు జరిపితే పోగులు తెగిపోతాయి, గదులు చెరిగిపోతాయి. అక్కణ్ణుంచి ఒకే రకం కణం, ఒకే పోలిక, ఫీల్డు నిండా.

పక్క ఐపీస్‌లోంచి చూస్తున్న రెండో ఏడాది పీజీ అమ్మాయి "వీటిని పెరగమని ఎవరు చెప్పారు మేడమ్?" అంది. పరీక్షలో రాసే జవాబు చెప్పి పంపించవచ్చు. చెప్పబుద్ధి కాలేదు. మా సబ్జెక్టులో ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. దాని చుట్టూ చదివినవీ చూసినవీ ఈ పుస్తకంలో రాసుకుంటూ పోతాను.

జూన్ 11

ముందు కొలతలు. పీయూష గ్రంథి, అంటే పిట్యూటరీ, బరువు అర గ్రాము, కాస్త అటూ ఇటూ. పుర్రె అడుగున సెల్లా టర్సికా అనే ఎముక గుంటలో కూర్చుంటుంది. సరిగ్గా పైన రెండు కంటి నరాలు కలిసే చోటు. అందుకే కణితి పెద్దదై పైకి తోసిన మనిషికి ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కల నుంచి వచ్చే బండి కనిపించదు.

బెల్జియంలోని లియెజ్ ప్రాంతంలో ఇంటింటి లెక్కంత శ్రద్ధగా వెతికి 2006లో ప్రచురించారు: బాధ పెట్టే పిట్యూటరీ కణితి సుమారు 1,000 మందిలో ఒకరికి ఉంది. వేరే కారణంతో చనిపోయినవాళ్ళ గ్రంథులు కోసి చూస్తే కనిపించే చిన్నాచితకా కణితులు అంతకు ఎన్నో రెట్లు. ఇక శరీరంలో మరో చోటికి పాకే పిట్యూటరీ క్యాన్సర్ మొత్తంలో 1 శాతం కూడా ఉండదు. కణితి మొదలవడం ఇంత తేలికైన చోట, అది పూర్తిగా చెడిపోవడం ఇంత అరుదుగా ఎందుకుంది? ఈ గ్రంథి మీద నాకు ఆసక్తి పుట్టించినది ఇదే, ఇప్పటికీ వదలనిదీ ఇదే.

జూన్ 14

పీజీలకు స్టాన్లీ కోహెన్ ఎలుకపిల్లల సంగతి చెప్పాను. 1950ల్లో ఆయన సెయింట్ లూయిస్‌లో రీటా లెవి-మొంటాల్చినితో కలిసి నరాలను పెంచే పదార్థం కోసం, అంటే నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ కోసం, పని చేస్తున్నారు. మగ ఎలుక దవడ కింది లాలాజల గ్రంథి నుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు ఎక్కిస్తే అనుకోనిది ఒకటి జరిగింది. ఎలుకపిల్లలు రెండు వారాలకు గానీ కళ్ళు తెరవవు. ఇవి వారానికే తెరిచాయి. పళ్ళూ ముందే మొలిచాయి. నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ ఒక్కదాన్నే శుద్ధి చేసి ఎక్కిస్తే అలా జరగలేదు. అంటే ఆ సారంలో ఇంకోటి ఏదో ఉంది. కోహెన్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి మారాక దాని వెంటే పడి, 1962లో వేరు చేసి చూపించారు. ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, ఈజీఎఫ్. 1986లో ఆయనకూ లెవి-మొంటాల్చినికీ కలిపి నోబెల్ ఇచ్చారు.

వెతుకుతున్నది నరాల గురించి, కనిపించింది కనురెప్పలు. మనకు పనికిరాదని ఆ కాగితం పక్కన పెట్టేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన పెట్టలేదు. పిల్లలకు ఈ ముక్క రెండుసార్లు చెప్పాను.

జూన్ 15

ఈజీఎఫ్ కణం లోపలికి దూరి పని చేయదు. కణం పైపొరలో దాని కోసం ఒక ప్రొటీన్, అంటే దాని రిసెప్టర్ ఈజీఎఫ్ఆర్, సగం బయటికి, సగం లోపలికి ఉంటుంది. ఈజీఎఫ్ బయటి సగానికి తగులుకోగానే అలాంటి రెండు ప్రొటీన్లు జత కడతాయి. లోపలి సగాలు ఒకదాని టైరొసీన్ల మీద ఇంకొకటి ఫాస్ఫేట్లు అతికిస్తాయి. అక్కణ్ణుంచి రాస్, రాఫ్, మ్యాప్ కైనేజ్ మీదుగా కబురు న్యూక్లియస్‌కు చేరుతుంది: విభజించు, లేదా తయారు చెయ్, లేదా చావకు. హెర్2, ఎఫ్‌జీఎఫ్ రిసెప్టర్లు, వీఈజీఎఫ్ రిసెప్టర్లు, ఐజీఎఫ్-1 రిసెప్టర్, అన్నింటిదీ ఇంచుమించు ఇదే పద్ధతి.

ఇవన్నీ పీయూష గ్రంథి కణాల మీద ఉన్నాయి. బాగున్న వాటి మీద కూడా.

జూన్ 22

సిటీలో నా చిన్ననాటి స్నేహితురాలు కంటి డాక్టరు. ఇవాళ ఫోనులో ఓపీ గురించి చెబుతూ, షుగర్ వల్ల కంటి తెరలో నీరు చేరినవాళ్ళకు పొద్దుటి నుంచి వరసపెట్టి బెవాసిజుమాబ్ సూదులు వేస్తూనే ఉన్నానంది. ఆ మందుకు వీఈజీఎఫ్ లక్ష్యం. కొత్త రక్తనాళాలు మొలిపించే, ఉన్నవాటిని కారేలా చేసే గ్రోత్ ఫ్యాక్టర్ అది. దాన్ని మొదట ఎక్కణ్ణుంచి తీశారో తెలుసా అని అడిగాను. తెలియదంది.

ఆవు పిట్యూటరీ నుంచి. నపోలియోనె ఫెరారా అనే ఇటాలియన్ డాక్టరు కాలిఫోర్నియాలో ఆవు పిట్యూటరీలోని ఫాలిక్యులార్ కణాలను పెంచుతూ, అవి నానిన ద్రవం తగిలితే రక్తనాళపు కణాలు పెరగడం గమనించారు. హార్మోను ఏదీ చేయని కణాలు అవి. మిగతా కణాల మధ్య సందుల్లో ఉంటాయి, ఎందుకున్నాయో ఎవరికీ పెద్దగా పట్టేది కాదు. వాటి ద్రవంలోంచి 1989లో ఆయన తీసిన ప్రొటీనే వీఈజీఎఫ్. దాన్ని అడ్డుకునే బెవాసిజుమాబ్‌కు 2004లో పెద్దపేగు క్యాన్సర్ కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. కంటికి తర్వాత పాకింది.

అంతకు ముందు 1970ల్లో డెనిస్ గోస్పొడారొవిచ్ ఫైబ్రోబ్లాస్ట్ గ్రోత్ ఫ్యాక్టర్‌ను, ఎఫ్‌జీఎఫ్‌ను, వేరు చేసినదీ ఆవు పిట్యూటరీ నుంచే.

రెండు పెద్ద గ్రోత్ ఫ్యాక్టర్లు ఈ అర గ్రాము గ్రంథి నుంచి బయటపడ్డాయి. పేగుకూ కంటికీ వాటి వల్ల మందులు వచ్చాయి. పిట్యూటరీ కణితి ఉన్న మనిషికి మాత్రం వాటి వల్ల రోజూ వేసుకునే మందు ఒక్కటి రాలేదు. ఇది నాకు బాధగా ఉంటుంది. ఎందుకు రాలేదన్నది తెలుసుకోవాలి.

జూన్ 23

ఒక కారణం వెంటనే దొరుకుతుంది. చాలా రకాల కణితులు తమ చుట్టూ రక్తనాళాలను పెంచుకుంటాయి. పిట్యూటరీ కణితుల్లో నాళాల సాంద్రత చాలాసార్లు మామూలు గ్రంథిలో కంటే తక్కువ. మామూలు గ్రంథే అంతగా రక్తంలో తడిసి ఉంటుంది, హైపోథాలమస్ నుంచి ఆదేశాలు రావాలి, హార్మోన్లు పోవాలి. నాళాలను ఎండగట్టే మందుకు ఇక్కడ చేతికి అందేది తక్కువ. మొండికేసిన కొన్ని కేసుల్లో బెవాసిజుమాబ్ వాడి చూశారు. కొందరిలో పెరుగుదల ఆగింది.

జూలై 2

ఎండోక్రైన్ వార్డులో కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒకావిడ. నలభై దాటి ఉంటాయి. మా సర్జన్ గారు కేసు చర్చకు పిలిస్తే వెళ్ళాను. "మెట్టెలు బిగుసుకుపోయాయండీ, కోయించి తీయించేశాను" అంది. చెప్పుల సైజు మారిందట. ముక్కు, పెదవులు, కింది దవడ ముందుకు వచ్చాయి. పళ్ళ మధ్య సందులు. రాత్రి గురక. అక్రోమెగలీ. మనిషిని చూడగానే తెలిసిపోతుంది గాని రోజూ చూసే ఇంట్లోవాళ్ళకు తెలియదు, అంత నెమ్మదిగా మారుతుంది. ఎండోక్రైనాలజిస్టు పదేళ్ళ కిందటి పెళ్ళి ఫోటోలో ఆవిణ్ణి చూపించమన్నాడు. పక్కన నిలబడ్డ భర్త ఆ ఫోటో చూసి చాలాసేపు మాట్లాడలేదు.

ఇక్కడ రిసెప్టర్ల పని రెండు చోట్ల ఉంది. కణితి గ్రోత్ హార్మోన్ వదులుతుంది. అది కాలేయంలోని తన రిసెప్టర్‌కు తగిలితే కాలేయం ఐజీఎఫ్-1 చేస్తుంది. ఎముక చివర్లలో, చర్మంలో, నాలుకలో, గుండె కండరంలో ఐజీఎఫ్-1 రిసెప్టర్లు ఆ కబురు అందుకుంటాయి. ఇన్సులిన్ రిసెప్టర్‌కు చాలా దగ్గరి పోలిక ఉన్న రిసెప్టర్ అది. మెట్టె బిగిసింది దాని వల్ల.

పెగ్విసోమాంట్ అనే మందు ఉంది. గ్రోత్ హార్మోన్‌నే కొద్దిగా మార్చి చేశారు. రిసెప్టర్‌కు అతుక్కుంటుంది, కబురు మాత్రం పంపదు. ఐజీఎఫ్-1 దిగుతుంది. కణితి జోలికి అది పోదు. పోదు కాబట్టి ఎమ్మారై చూస్తూ ఉండాలి. పిట్యూటరీ కణితుల వైద్యంలో ఒక గ్రోత్ రిసెప్టర్‌ను నేరుగా అడ్డుకుని గెలిచిన మందు ఇదే అనుకుంటే, అది గెలిచింది కణితికి బయట. ఖరీదు చూస్తే ఆ కాకినాడ ఆవిడకు అందేది కాదు. ఆవిడకు సోమవారం ముక్కు ద్వారా ఆపరేషన్.

జూలై 3

నిన్నటి ఆవిణ్ణి చూశాక, అదే హార్మోన్ వల్ల అతిగా ఎదిగిన చార్లెస్ బర్న్ గురించి మళ్ళీ చదివాను. ఉత్తర ఐర్లండ్ యువకుడు, ఏడున్నర అడుగుల పైచిలుకు ఎత్తు, లండన్‌లో డబ్బుకు తనను తాను చూపించుకుని బతికాడు. 1783లో 22 ఏళ్ళకే పోయాడు. తన శవాన్ని సముద్రంలో వేయమని కోరుకున్నాడట. సర్జన్ జాన్ హంటర్ ఆ ఎముకలను సంపాదించి మ్యూజియంలో పెట్టాడు. 1909లో మెదడు సర్జన్ హార్వీ కుషింగ్ ఆ పుర్రెలో చూస్తే పిట్యూటరీ గుంట పెద్దదై ఉంది. 2011లో అతని పళ్ళ నుంచి తీసిన డీఎన్ఏలో పిట్యూటరీ కణితులకు దారితీసే ఏఐపీ జన్యువు మార్పు దొరికింది. అదే మార్పు ఆ ప్రాంతంలో ఇప్పుడు బతికి ఉన్న కుటుంబాల్లోనూ ఉంది. 2023లో మ్యూజియం మళ్ళీ తెరిచినప్పుడు అస్థిపంజరాన్ని ప్రదర్శన నుంచి తీసేశారు. తీసేసి మంచి పని చేశారు. ఇరవై రెండేళ్ళ పిల్లవాడు కోరిన చివరి కోరికకు అంతకాలం విలువ లేకపోవడం ఎవరి చదువుకూ గౌరవం కాదు.

జూలై 10

ఇవాళ క్లాసులో బోర్డు మీద రెండు గళ్ళు గీశాను. ఒక పక్క పిట్యూటరీ కణితి మీద నిజంగా పని చేసే మందులు. ప్రొలాక్టిన్ చేసే కణితికి, అంటే ప్రొలాక్టినోమాకు, క్యాబర్గొలిన్: వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునే మాత్రతో పెద్ద పెద్ద కణితులు కుంచించుకుపోతాయి, చూపు తిరిగి వస్తుంది. డోపమిన్ డీ2 రిసెప్టర్ మీద దాని పని. గ్రోత్ హార్మోన్ కణితికి ఆక్ట్రియొటైడ్ జాతి సూదులు: సొమటోస్టాటిన్ రిసెప్టర్ల మీద. రెండో గడిలో పెరగమని చెప్పే రిసెప్టర్లు: ఈజీఎఫ్ఆర్, హెర్2, ఎఫ్‌జీఎఫ్ఆర్, వీఈజీఎఫ్ఆర్. ఆ గడిలో మామూలు వాడుకలోకి వచ్చిన మందు లేదు.

మొదటి గడిలోవన్నీ బ్రేకులు. హైపోథాలమస్ రోజూ ఈ గ్రంథిని పట్టి ఉంచడానికి వాడేవే. డోపమిన్ అందుకే ఉంది, సొమటోస్టాటిన్ అందుకే ఉంది. కణితిగా మారిన కణం కూడా ఆ బ్రేకులు చాలావరకు ఉంచుకుంటుంది. మనం వాటిని నొక్కుతున్నాం. రెండో గడిలోవి యాక్సిలరేటర్లు. ఒకదాన్నుంచి కాలు తీయించినా ఇంకో మూడు ఉంటాయి. పిట్యూటరీ కణితులు పూర్తిగా చెడకపోవడానికి కారణం ఆ బ్రేకులు ఇంకా బిగిసి ఉండటమే అయి ఉండాలి అని నా అనుమానం. ఇందులో వృద్ధాప్యపు స్థితికి పోయి విభజన మానేసే కణాల పాత్ర కూడా ఉందని లాస్ ఏంజెలెస్‌లోని మెల్మెడ్ బృందం పీ21 ప్రొటీన్ మీద చూపించింది.

జూలై 19

కుషింగ్ వ్యాధి కేసు: ఏసీటీహెచ్ అతిగా చేసి ఒంట్లో కార్టిసాల్ పెంచే కణితి, నాలుగు మిల్లీమీటర్లు. పక్కన ఉన్న మామూలు కణజాలం కూడా కొంచెం వచ్చింది, అందులో కనిపించింది క్రూక్ మార్పు. 1935లో క్రూక్ వర్ణించినది. ఒంట్లో కార్టిసాల్ అతిగా ఉన్నప్పుడు, కణితి కాని ఏసీటీహెచ్ కణాలు పని ఆపేస్తాయి. ఊదారంగు గింజలు కణం అంచుకూ న్యూక్లియస్ చుట్టూకూ నెట్టుకుపోయి, మధ్యలో పాలిపోయిన గులాబీ రంగు వలయం మిగులుతుంది. ఆ వలయం కెరాటిన్ పోగులతో నిండి ఉంటుంది. నలభై ఎక్స్‌లో చూస్తే ఒక్కో కణం చుట్టూ అద్దంలా మెరిసే పట్టీ. పక్కన కణితి కణాల్లో ఆ పట్టీ లేదు. కార్టిసాల్ చాలించమంటున్న కబురు రెండింటికీ అందుతోంది. ఒకటి వింటోంది.

రిపోర్టు కోసం ఆ రోగి వాళ్ళమ్మ కౌంటరు దగ్గరికి వచ్చింది. మిర్యాలగూడ దగ్గర ఊరు. "మా బిడ్డ తిండెక్కువై దొడ్డుగైందనుకున్నం డాక్టరమ్మా. అందరు గదే అన్నరు" అంది. చంద్రబింబంలా గుండ్రమైన ముఖం, మెడ వెనక కొవ్వు, పొట్ట మీద ఊదా చారలు, కింద కూచుంటే లేవలేకపోవడం, ఇరవై ఆరేళ్ళకు బీపీ, షుగరు. ఆధార్ కార్డు ఫోటోకూ మనిషికీ పోలిక లేదని రేషన్ దుకాణంలో వెనక్కి పంపారట. అమ్మాయి మూడేళ్ళు అందరి చేతా మాటలు పడింది, నాలుగు మిల్లీమీటర్ల కణితి వల్ల.

"గిది క్యాన్సరా?" అని అడిగింది. కాదని చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

జూలై 22

ఇప్పుడు యూఎస్‌పీ8 గురించి. ఇన్నాళ్ళుగా ఇది రాయాలని.

రిసెప్టర్ పని చేయడం ఎంత అవసరమో, పని అయ్యాక దాన్ని తీసేయడం అంత అవసరం. ఈజీఎఫ్ తగులుకున్న ఈజీఎఫ్ఆర్‌ను కణం లోపలికి లాక్కుంటుంది. దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను గుర్తుగా తగిలిస్తుంది. ఆ గుర్తు ఉన్నది లైసోజోమ్‌కు పోయి అరిగిపోతుంది. గుర్తు ఊడిపోతే రిసెప్టర్ తిరిగి పైపొరకు వచ్చేస్తుంది, మళ్ళీ పెరగమని చెప్పడం మొదలుపెడుతుంది. గుర్తును ఊడదీసే ఎంజైముల్లో ఒకటి యూఎస్‌పీ8. మామూలుగా 14-3-3 అనే ఇంకో ప్రొటీన్ దాన్ని పట్టుకుని అదుపులో ఉంచుతుంది.

2015లో జర్మనీ నుంచి మార్టిన్ రైంకే బృందం, చైనాలో షాంఘై నుంచి మరో బృందం, కొద్ది వారాల తేడాతో ఒకే మాట చెప్పాయి: కుషింగ్ వ్యాధి తెచ్చే పిట్యూటరీ కణితుల్లో చాలావాటిలో యూఎస్‌పీ8 జన్యువు మారి ఉంది. రైంకే వాళ్ళు మొదట చూసిన 17 కణితుల్లో 6 అలాంటివి. తర్వాతి లెక్కలన్నీ కలిపితే మూడో వంతు నుంచి సగం దాకా. మార్పులన్నీ జన్యువులో ఒకే చిన్న చోట, సరిగ్గా 14-3-3 పట్టుకునే 718వ అమైనో ఆమ్లం సెరీన్ చుట్టుపక్కల. పట్టు ఊడిపోతుంది. ఎంజైము తెగి, పనిచేసే ముక్క విడిపోయి, అదుపు లేకుండా యుబిక్విటిన్ గుర్తులు ఊడదీస్తుంది. ఈజీఎఫ్ఆర్ అరగదు. పైపొరకు తిరిగి వస్తూనే ఉంటుంది. ఏసీటీహెచ్‌కు మూలమైన పీవోఎంసీ జన్యువు గట్టిగా చదవబడుతుంది. అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ పోస్తాయి. ముఖం గుండ్రమవుతుంది.

ఇందులో రిసెప్టర్‌లో ఏ తప్పూ లేదు. దాని జన్యువు చదివితే అంతా బాగానే ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ జన్యువే మారుతుంది కాబట్టి అక్కడ అందరూ అదే వెతికారు. పిట్యూటరీలో కూడా ముందు అదే వెతికి, దొరక్క, ఈజీఎఫ్ఆర్‌కు పాత్ర లేదేమో అనుకున్నవాళ్ళున్నారు. పాత్ర ఉంది, తప్పు రెండడుగుల అవతల ఉంది. ఒక రిసెప్టర్ ఎంత ఉంది అని అడిగితే సరిపోదు, ఎంతసేపు ఉండనిస్తున్నారు అని కూడా అడగాలని నేను నేర్చుకున్నది ఈ పేపర్ల నుంచి.

పుట్టుకతో వచ్చే మార్పు కాదిది. ఆ ఒక్క కణితిలోనే పుట్టింది. ఆడవాళ్ళలో ఎక్కువగా, చిన్న కణితుల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

జూలై 30

మిర్యాలగూడ అమ్మాయి ఉదయపు కార్టిసాల్ బాగా తక్కువకు దిగింది. వార్డులో అందరి ముఖాలూ వెలిగాయి. తక్కువ రావడమే విజయం: కణితి పోయింది, మిగిలిన కణాలు క్రూక్ వలయాలు తొడుక్కుని ఇంకా నిద్రలో ఉన్నాయి. అవి లేచేదాకా నెలలు పడుతుంది. అన్నాళ్ళూ హైడ్రోకార్టిజోన్ మాత్రలు మానకూడదు, జ్వరం వస్తే మోతాదు పెంచాలి. ఎండోక్రైన్ నర్సు వాళ్ళ అమ్మ చేత మూడుసార్లు చెప్పించుకుని, మందుల చీటీ వెనక తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చింది.

ఆగస్టు 3

కుషింగ్ వ్యాధి మనుషుల్లో ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి కొత్తగా వస్తుంది. కుక్కల్లో అంతకంటే చాలా ఎక్కువ. పొట్ట వేలాడడం, వెంట్రుకలు రాలడం, ఎప్పుడూ దాహం. వాటిలోనూ ఎక్కువ కేసులకు మూలం పిట్యూటరీయే.

2011లో లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సైనాయ్ నుంచి ఫుకువోకా, మెల్మెడ్ తదితరులు ప్రచురించిన పనిలో మనుషుల కణితులూ కుక్కల కణితులూ పక్కపక్కనే ఉన్నాయి. ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే జెఫిటినిబ్ పోస్తే రెండింట్లోనూ పీవోఎంసీ తగ్గింది. ఎలుకల్లో నాటిన కణితులు చిక్కాయి, కార్టికోస్టెరాన్ దిగింది. యూఎస్‌పీ8 సంగతి బయటపడటానికి నాలుగేళ్ళు ముందే, ఎందుకో తెలియకుండానే, ఈజీఎఫ్ఆర్ మీద వేలు పెట్టారు. వెటర్నరీ కాలేజీలూ మెడికల్ కాలేజీలూ ఒకే ఊళ్ళో ఉండి కూడా మాట్లాడుకోవు మన దగ్గర. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఎంత దూరం?

ఆగస్టు 5

పీజీ అమ్మాయి ఈజీఎఫ్ఆర్ ఇమ్యునో స్టెయిన్ వేసిన కుషింగ్ స్లైడ్లు తెచ్చింది. కొన్నిట్లో పైపొర పొడుగునా ముదురు గోధుమ రంగు. కొన్నిట్లో ఏమీ లేదు. ఉత్సాహంగా ఉంది, గోధుమ రంగు ఉన్నవన్నీ యూఎస్‌పీ8 మార్పు ఉన్నవేనా అంది. తొందరపడవద్దన్నాను. మార్పు ఉన్న కణితులన్నింట్లో ఈజీఎఫ్ఆర్ ఎక్కువగా కనిపించలేదని తర్వాత కొన్ని బృందాలు రాశాయి. యూఎస్‌పీ8 గుర్తు ఊడదీసేది ఒక్క ఈజీఎఫ్ఆర్‌కే కాదు, ఇంకా చాలా ప్రొటీన్లకు. రంగు ఉంది అంటే ప్రొటీన్ ఉంది అని మాత్రమే. అది పని చేస్తోందా, దాని మీదే ఆ కణం ఆధారపడిందా అన్నది రంగు చెప్పదు.

ఆగస్టు 16

మొదటి రోజు రాసుకున్న తెగిన పోగుల సంగతికి దగ్గరగా వచ్చే పని ఒకటి: టొరంటోలో షెరీన్ ఎజ్జత్, సిల్వియా ఆసా. పిట్యూటరీ కణితుల్లో ఎఫ్‌జీఎఫ్ రిసెప్టర్-4కి ఒక పొట్టి రూపం ఉందని చూశారు. ముందు భాగం తెగిపోయి ఉంటుంది. ఆ భాగమే రిసెప్టర్‌ను పైపొరకు చేరుస్తుంది కాబట్టి ఇది పైకి రాకుండా కణం లోపలే ఉండిపోతుంది, బయట ఏ ఎఫ్‌జీఎఫ్ తగలకుండానే పని చేస్తుంది. 2002లో ఎలుకల పిట్యూటరీలో ఈ పొట్టి రూపాన్ని పెట్టి చూస్తే కణితులు వచ్చాయి. పూర్తి రిసెప్టర్ పెడితే రాలేదు. తర్వాత అదే బృందం, పొట్టి రూపం కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే ఎన్-క్యాడ్హెరిన్ పట్టును వదిలిస్తుందని చూపించింది.

ఇది నాకు బాగా పట్టిన విషయం. కణితి అంటే మనం లెక్క పెరగడం అనుకుంటాం. పిట్యూటరీ కణితిలో విభజన జరుగుతున్న కణం కోసం ఫీల్డు తర్వాత ఫీల్డు వెతకాలి, విభజనలో ఉన్న కణాల శాతం చెప్పే కేఐ-67 చాలాసార్లు 3 శాతం లోపే ఉంటుంది. కణాలు తమ పక్కవాటిని వదిలేయడం మాత్రం ఒక్క చూపులో కనిపిస్తుంది.

ఆగస్టు 28

ఇటలీలోని బ్రెషియా నుంచి 1990ల్లో క్రిస్టీనా మిస్సాలె బృందం రాసినవి చదివాను. క్యాబర్గొలిన్ జాతి పాత మందు బ్రోమోక్రిప్టిన్‌కు లొంగని ప్రొలాక్టినోమా కణాల్లో డీ2 రిసెప్టర్లు ఉండవు. అలాంటి కణాలకు నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ ఇచ్చి చూస్తే డీ2 రిసెప్టర్లు తిరిగి వచ్చాయి, కణాలు నెమ్మదించాయి. గ్రోత్ ఫ్యాక్టర్ అనగానే పెంచేదే అనుకునే అలవాటుకు ఇది విరుగుడు. కణం తన మొదటి పనిని గుర్తు పట్టేలా చేయడం కూడా ఒక గ్రోత్ ఫ్యాక్టర్ చేయగలదు. జూలైలో నేను బోర్డు మీద గీసిన రెండు గళ్ళకు మధ్య గీత ఉండాల్సినంత గట్టిది కాదు. అమ్మాయికి ఈ పేపర్లు ఇచ్చాను, జర్నల్ క్లబ్‌లో తనే చెబుతుంది.

సెప్టెంబరు 6

లాపటినిబ్ ఈజీఎఫ్ఆర్‌నూ హెర్2నూ కలిపి అడ్డుకుంటుంది. రొమ్ము క్యాన్సర్ మందు. ఏ మందుకూ లొంగని ప్రొలాక్టినోమాలకు ఇచ్చి చూసిన ట్రయల్ 2021లో అచ్చయింది. ఆరు నెలలు పూర్తి చేసినవాళ్ళు నలుగురు. ముందుగా పెట్టుకున్న 40 శాతం తగ్గుదల ఎవరిలోనూ రాలేదు. ఎక్కువమందిలో కణితి పెరగడం ఆగింది.

నలుగురు! ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. వాళ్ళ తప్పు ఏమీ లేదు, అలాంటి రోగులు దొరకడమే కష్టం. మొండి కణితులకు ఇప్పటికీ మొదట చేతికి తీసుకునే కీమో టెమొజొలోమైడ్, 2006 నుంచి వాడుకలో ఉంది, 2018 యూరప్ మార్గదర్శకాలు దాన్నే ముందు పెట్టాయి. డీఎన్ఏను దెబ్బతీసే పాత పద్ధతి మందు. మూడో వంతుకు పైగా కణితులు దానికి తగ్గుతాయి, మిగతావి తగ్గవు. మందు ఆగిన తర్వాత తిరిగి పెరిగేవీ ఉన్నాయి.

ఒక ఊళ్ళో ఒక ఆసుపత్రి ఎంత కష్టపడినా ఇలాంటి ప్రశ్న తేలదు. కేసులు చెల్లాచెదురుగా ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లో పిట్యూటరీ ఆపరేషన్లు చేసే చోట్లన్నీ కలిపి ఆలోచిస్తే, ఏటా తీసేసే కణజాలం తక్కువేమీ కాదు. ఫార్మలిన్‌లో వేసి, పారఫిన్ బ్లాక్ చేసి, రిపోర్టు ఇచ్చి, బీరువాలో పెడుతున్నాం. ఫార్మలిన్‌లో పడిన ముక్క మీద జన్యు పరీక్ష కొంతవరకు చేయవచ్చు. ఫాస్ఫేటు అతికిన రిసెప్టర్ ఎంత ఉందో సరిగ్గా కొలవాలంటే మాత్రం ముక్క బయటికి వచ్చిన నిమిషాల్లో గడ్డకట్టించాలి. రంగు చెప్పలేనిది అదే.

సెప్టెంబరు 12

సర్జన్ గారితో మాట్లాడాను. ముక్క చిన్నది అమ్మా, రిపోర్టుకే చాలదు కదా అన్నారు. నిజమే, కుషింగ్ కేసుల్లో చాలదు, అడగను. పెద్ద కణితుల్లో సక్షన్‌లో పోయేది చాలా ఉంటుంది, దాన్ని ఒక ట్రాప్‌లో పట్టి ఇవ్వమన్నాను. రోగి సంతకంతోనే. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదువు రానివాళ్ళకు చదివి వినిపించాలి, వద్దంటే వైద్యంలో ఏ తేడా రాదని మొదటి వాక్యంలోనే ఉండాలి. ఆయన ఒప్పుకున్నారు. ఎండోక్రైన్ వాళ్ళు ఆపరేషన్‌కు ముందూ తర్వాతా హార్మోన్ల అంకెలు ఒకే ఫారంలో ఇస్తామన్నారు.

మైనస్ 80 ఫ్రీజర్‌లో రెండు అరలు ఖాళీ ఉన్నాయి. పీజీ అమ్మాయి థీసిస్ టాపిక్ మార్చుకుంటానంటోంది: కుషింగ్ కణితుల పాత బ్లాకుల్లో యూఎస్‌పీ8 మార్పు, ఈజీఎఫ్ఆర్ స్టెయిన్ పక్కపక్కన పెట్టి చూడటం. ఎథిక్స్ కమిటీకి కాగితాలు శుక్రవారం లోపు ఇవ్వాలి. సమ్మతి పత్రం మొదటి ప్రతి ఈ రాత్రి నేను రాస్తాను, మిర్యాలగూడ, కాకినాడ ఇద్దరికీ అర్థమయ్యే తెలుగులో ఉందో లేదో రేపు ఎండోక్రైన్ నర్సు చదివి చెప్పాలి.